ఫోల్డర్‌లో ఫైలు పడగానే పట్టుకోవడం ఎలా: అసింక్ ఈవెంట్ లూప్‌తో కాపలా పెట్టే పద్ధతి

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణాన్ని ఊహించుకోండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిర్చి బస్తాలు లారీల మీద లారీలు దిగుతుంటాయి. దడువాయి (తూకం వేసే మనిషి) కాంటా పెట్టి చిట్టీ రాస్తాడు. గుమాస్తా ఆ చిట్టీనీ తక్‌పట్టీనీ స్కానర్‌లో పెడతాడు. స్కానర్ పిడిఎఫ్ తయారుచేసి దుకాణంలోని లైనక్స్ కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లో వేస్తుంది. ఫైలు పడగానే దాన్ని చదివి, లెక్కలో ఎక్కించి, సరైన చోట దాచే ప్రోగ్రాం మనకు కావాలి. ఒక్క చిట్టీ కూడా జారిపోకూడదు, ఏదీ రెండుసార్లు లెక్కకెక్కకూడదు. రైతు చేతికి వచ్చే పైసలు ఆ చిట్టీ మీదే ఆధారపడతాయి కాబట్టి ఇక్కడ ‘దాదాపుగా సరిపోయింది’ అనేది కుదరదు.

ఈ పనిని పైథాన్‌లో, అసింక్‌ఐఓ ఈవెంట్ లూప్‌తో, ఫోల్డర్‌లో మార్పులను తెలిపే లైనక్స్ ఐనోటిఫై సదుపాయం మీద ఎలా కట్టాలో అడుగడుగునా చూద్దాం. ఒక మాట ముందే చెప్పాలి, మిగతా నిర్ణయాలన్నీ దాని మీదే నిలబడతాయి. కెర్నల్ (లైనక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం) పంపే ఈవెంట్ కబురు మాత్రమే. కబురు ఆలస్యం కావచ్చు, రెండుసార్లు రావచ్చు, అసలు రాకపోవచ్చు. ఏ ఫైలు ఉంది, ఏది లేదు అన్న నిజం ఫోల్డర్‌లోనే ఉంటుంది. కబురు రాగానే వెళ్లి ఫోల్డర్‌ను చూసే ప్రోగ్రాం నిలబడుతుంది. కబుర్లనే లెక్కపెట్టుకుంటూ పోయేది సీజన్ నడుమ ఆగమవుతుంది.

ఎందుకు ఐనోటిఫై, ఎందుకు లూప్

సెకనుకోసారి ఫోల్డర్ జాబితా తీసి పాత జాబితాతో పోల్చడం పాత పద్ధతి. వంద ఫైళ్లున్న ఫోల్డర్‌కు అందులో తప్పేమీ లేదు. వేలల్లో ఫైళ్లు, పదుల్లో ఫోల్డర్లు అయ్యేసరికి డిస్కు ఊరికే తిరుగుతుంటుంది. పైగా రెండు చూపుల నడుమ వచ్చి వెళ్లిపోయిన ఫైలు కనబడదు. 2005లో లైనక్స్ 2.6.13 కెర్నల్‌తో వచ్చిన ఐనోటిఫై ఈ భారాన్ని కెర్నల్ మీదకు మార్చింది. ఫలానా ఫోల్డర్ మీద కాపలా పెట్టు అని ఒకసారి చెబితే చాలు, మార్పు జరిగినప్పుడల్లా ఒక ఫైల్ డిస్క్రిప్టర్‌లో (తెరిచినదానికి కెర్నల్ ఇచ్చే నంబరు) ఈవెంట్ వచ్చి కూర్చుంటుంది.

ఆ డిస్క్రిప్టర్ నుంచి మామూలుగా చదవబోతే ఈవెంట్ వచ్చేదాకా ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. ఆ వేళకు టైమర్లు నడవాలి, పని జరుగుతున్న ఫైళ్లు ముందుకు సాగాలి, ఆపమన్న సిగ్నల్ వస్తే వినాలి. ఈవెంట్ లూప్ ఇవన్నీ ఒకే థ్రెడ్‌లో చూసుకుంటుంది. లోపల అది ఈపోల్‌ను అడుగుతూ ఉంటుంది, ఏ డిస్క్రిప్టర్ సిద్ధమైతే దానికి సంబంధించిన ఫంక్షన్‌ను పిలుస్తుంది. కొత్తవాళ్లు చాలామంది ఫోల్డర్‌నే తెరిచి దాని డిస్క్రిప్టర్‌ను లూప్‌కు ఇస్తారు. ఈపోల్ మామూలు ఫైళ్లనూ ఫోల్డర్లనూ ఒప్పుకోదు, అనుమతి లేదన్న ఎర్రర్ కొడుతుంది. అనుమతులు మార్చుకుంటూ కూర్చుంటే అది పోదు. ఐనోటిఫై డిస్క్రిప్టర్‌ను మాత్రం ఈపోల్ ఒప్పుకుంటుంది.

ముందుగా ఫోల్డర్ల అమరిక

పైథాన్ 3.11 గానీ ఆపైది గానీ పెట్టుకోండి. టాస్క్ గ్రూప్ అందులోనే వచ్చింది, దాని అవసరం ముందుముందు పడుతుంది. తర్వాత నాలుగు ఫోల్డర్లు చేయండి: వచ్చినవి, పనిలో, అయిపోయినవి, చెడినవి. స్కానర్ వేసేది ‘వచ్చినవి’లోనే. మన కాపలా కూడా దాని ఒక్కదాని మీదే.

నాలుగూ ఒకే డిస్కు పార్టిషన్ మీద ఉండాలి. ఒకే పార్టిషన్‌లో ఫైలును ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు రీనేమ్ చేస్తే అది ఒక్క దెబ్బలో జరిగిపోతుంది. పాతచోట ఉంటుంది లేదా కొత్తచోట ఉంటుంది, సగం సగం ఉండదు. పార్టిషన్ దాటితే ఓఎస్ రీనేమ్ 18వ నంబరు ఎర్రర్ ఇస్తుంది. అప్పుడు షటిల్ మూవ్ వాడి గట్టెక్కేద్దామనుకుంటారు. అది లోపల కాపీ చేసి పాతదాన్ని చెరిపేస్తుంది, ఆ నడుమ కరెంటు పోతే సగం ఫైలు మిగులుతుంది.

ఫైళ్లను ‘వచ్చినవి’లోనే ఉంచి అక్కడే మార్పులు చేయకండి. మీ ప్రోగ్రాం రాసిన ప్రతి ఫైలూ మళ్లీ ఒక ఈవెంట్ పుట్టిస్తుంది, అది మళ్లీ ప్రోగ్రాంను లేపుతుంది, ఇక ఆ చక్రం ఆగదు.

కాపలా తెరవడం

పైథాన్ ప్రామాణిక లైబ్రరీలో ఐనోటిఫై నేరుగా లేదు. సీటైప్స్‌తో సీ లైబ్రరీని తెరిచి పిలవాలి. తెరిచేటప్పుడు ‘యూజ్ ఎర్‌నో’ను ట్రూగా పెట్టండి, లేకపోతే పిలుపు విఫలమైనప్పుడు కారణం తెలియదు. ముందు ఐనోటిఫై ఇనిట్1 పిలవాలి. దానికి రెండు జెండాలు కలిపి ఇవ్వాలి: చదవడానికి ఏమీ లేకపోతే ఆగిపోకుండా వెనక్కి వచ్చే నాన్‌బ్లాక్, మనం పుట్టించే ఇతర ప్రాసెస్‌లకు ఈ డిస్క్రిప్టర్ అంటకుండా చేసే క్లోజ్ ఆన్ ఎగ్జెక్. నాన్‌బ్లాక్ మరిచిపోతే ప్రోగ్రాం మొదట బాగానే నడిచినట్టుంటుంది. ఎప్పుడో ఒకసారి చదవడానికి ఏమీ లేనప్పుడు రీడ్ పిలిచారంటే మొత్తం లూప్ గడ్డకడుతుంది.

తర్వాత ఐనోటిఫై యాడ్ వాచ్. దీనికి డిస్క్రిప్టర్, ఫోల్డర్ దారి బైట్లుగా, ఏయే ఈవెంట్లు కావాలో చెప్పే మాస్క్ ఇవ్వాలి. ఇక్కడే అసలు ఎంపిక ఉంది. స్కానర్ ఒక పిడిఎఫ్ వేసేటప్పుడు కెర్నల్‌లో జరిగే వరుస ఇది (పేరు పక్కనున్న అంకె మాస్క్‌లో దాని విలువ): ఫైలు పుడుతుంది, క్రియేట్ 256. తెరుచుకుంటుంది, ఓపెన్ 32. ముక్కలు ముక్కలుగా రాత పడుతుంది, ఒక్కో రాతకు మాడిఫై 2. చివర రాసినవాడు మూస్తాడు, క్లోజ్ రైట్ 8. అందరూ మొదట పట్టుకునేది క్రియేట్‌నే. ఆ క్షణానికి ఫైలు సైజు సున్నా, చదివితే ఖాళీ. మాడిఫై పట్టుకుంటే ఒక పిడిఎఫ్‌కే పదుల కొద్దీ కబుర్లు వస్తాయి. మనకు కావలసింది క్లోజ్ రైట్ 8, బయటి నుంచి రీనేమ్ అయి లోపలికి వచ్చేవాటి కోసం మూవ్డ్ టు 128. రెండూ కలిపితే 136. రెండోదాన్ని వదిలేస్తే కాపీ చేసే ప్రోగ్రాం ఆర్‌సింక్‌తో వచ్చే ఫైళ్లన్నీ జారిపోతాయి, ఎందుకంటే అది చుక్కతో మొదలయ్యే తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక అసలు పేరుకు మారుస్తుంది.

వీటికి డిలీట్ సెల్ఫ్ 1024, మూవ్ సెల్ఫ్ 2048 కలపండి. ఎవరైనా ఫోల్డర్‌నే చెరిపేసినా పేరు మార్చినా తెలియాలి కదా. యాడ్ వాచ్ ఒక చిన్న అంకె తిరిగి ఇస్తుంది, అది ఆ కాపలా నంబరు. మైనస్ 1 వస్తే విఫలమైనట్టు, వెంటనే గెట్ ఎర్‌నో చూసి ప్రోగ్రాంను ఆపేయండి. విఫలమైన కాపలాతో ముందుకు నడిచే ప్రోగ్రాం కన్నా ఆగిపోయిన ప్రోగ్రామే మేలు, కనీసం ఎవరో ఒకరు గమనిస్తారు.

ఒక్క ఫైలు మీదే కాపలా పెట్టాల్సి వచ్చినా అది ఉన్న ఫోల్డర్ మీదే పెట్టండి. చాలా ఎడిటర్లు సేవ్ చేసేటప్పుడు కొత్త ఫైలు రాసి పాతదాని స్థానంలో రీనేమ్ చేస్తాయి. మీ కాపలా పాత ఫైలుతోపాటే పోతుంది, మరుసటి సేవ్ మీకు తెలియదు.

ఈవెంట్‌ను బైట్లలో చూస్తే

ప్రతి ఈవెంట్‌కూ ముందు 16 బైట్ల తల ఉంటుంది: కాపలా నంబరు 4 బైట్లు, మాస్క్ 4, రీనేమ్ జంటను కలిపే కుకీ 4, పేరు పొడవు 4. మొదటిది సైన్డ్ పూర్ణాంకం, మిగతా మూడూ అన్‌సైన్డ్. ఆ తర్వాత ఫైలు పేరు, వెనుక సున్నా బైట్ల పూత.

పేరు తెలుగులో ఉంటే ఏమవుతుందో చూద్దాం. మిర్చి-418 అని పేరు, చివర చుక్క పెట్టి ఇంగ్లిష్ అక్షరాల్లో పిడిఎఫ్ అనే తోక. ‘మిర్చి’ కంటికి రెండే అక్షరాలు. యూనికోడ్‌లో మాత్రం మ, గుడి, ర, పొల్లు, చ, గుడి అని ఆరు. ఒక్కో దానికి యూటీఎఫ్-8లో 3 బైట్లు, మొత్తం 18. అడ్డగీత, 418 కలిపి 4. చుక్కతో తోక 4. వెరసి 26. ముగింపు సున్నాతో 27. కెర్నల్ దీన్ని 16 గుణిజానికి పెంచి 32 చేస్తుంది. అంటే పేరు పొడవు గడిలో 32 ఉంటుంది, ఈవెంట్ మొత్తం 48 బైట్లు. తరువాతి ఈవెంట్ 48వ బైటు దగ్గర మొదలవుతుంది. మొదటి సున్నా బైటు దాకా కోసి పేరు తీసుకోవాలి, ముందుకు జరిగేటప్పుడు మాత్రం పూర్తి 32 జరగాలి. ఈ రెండింటినీ తారుమారు చేస్తే రెండో ఈవెంట్ నుంచి అంతా చెత్త చదువుతారు. పరీక్షలో ఒక్కో ఫైలే వేసి చూస్తే ఈ తప్పు బయటపడదు, ఒకేసారి మూడు నాలుగు వేసి చూడాలి.

పేర్లను డీకోడ్ చేయడానికి ఓఎస్ ఎఫ్ఎస్‌డీకోడ్ వాడండి. మామూలు డీకోడ్ వాడితే యూటీఎఫ్-8 కాని ఒక్క పేరు వచ్చినా ప్రోగ్రాం పడిపోతుంది. ఫైలు పేరు పరిమితి 255 బైట్లు, అంటే తెలుగులో 85 యూనికోడ్ అక్షరాలే. రైతు పేరు, ఊరు, రకం, తేదీ అన్నీ ఫైలు పేరులో కుక్కితే ఇది త్వరగా అయిపోతుంది.

తెలుగు పేర్లతో ఇంకో రెండు చిక్కులున్నాయి. ఐత్వం గుర్తును యూనికోడ్‌లో ఒకే అక్షరంగానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. ‘పైడిపల్లి’ అని రెండు ఫైళ్ల మీద కంటికి ఒకేలా కనబడినా బైట్లు వేరు కావచ్చు. అలాగే పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు కనబడని విడదీత గుర్తును పెడతాయి, కొన్ని పెట్టవు. అందుకే పేర్లను పోల్చేటప్పుడు యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్‌ను ఎన్ఎఫ్‌సీ పద్ధతిలో వాడి, ఆ కనబడని గుర్తును తీసేసి పోల్చండి. ఫైలును తెరిచేటప్పుడు మాత్రం కెర్నల్ ఇచ్చిన అసలు పేరే వాడాలి. శుభ్రం చేసిన పేరుతో తెరిస్తే ఫైలు లేదంటుంది.

లూప్‌కు తగిలించడం

అసింక్ మెయిన్ ఫంక్షన్ లోపల గెట్ రన్నింగ్ లూప్‌తో లూప్‌ను తీసుకుని, దాని యాడ్ రీడర్‌కు డిస్క్రిప్టర్, మన కాల్‌బ్యాక్ (ఈవెంట్ రాగానే లూప్ పిలిచే ఫంక్షన్) ఇవ్వండి. కాల్‌బ్యాక్‌లో చేయాల్సింది మూడే పనులు: 64 కిలోబైట్ల బఫర్‌తో ఓఎస్ రీడ్ ఒకసారి, వచ్చిన ఈవెంట్లను విడదీయడం, పేర్లను పట్టికలో వేయడం. బఫర్ కనీసం 272 బైట్లు ఉండాలి. అంతకన్నా తక్కువైతే పెద్ద పేరు వచ్చిన రోజు రీడ్ విఫలమవుతుంది. ఇంకా మిగిలి ఉంటే లూప్ మళ్లీ పిలుస్తుంది, ఖాళీ అయ్యేదాకా చదువుతూ కూర్చోనక్కర్లేదు. చదవబోతే ఏమీ లేదన్న ఎర్రర్ వస్తే నిశ్శబ్దంగా వెనక్కి రండి.

పట్టిక అంటే మామూలు డిక్షనరీ. పేరు తాళం చెవి, చివరి కబురు వచ్చిన సమయం విలువ. సమయానికి లూప్ టైమ్ వాడండి, గడియారం సరిచేసినా అది వెనక్కి పోదు. చాలా ఉదాహరణల్లో ఇక్కడ అసింక్ క్యూ వాడతారు. డిక్షనరీయే మేలు, ఎందుకంటే ఒకే ఫైలుకు పది కబుర్లు వచ్చినా అందులో ఒకే వరుస ఉంటుంది. పేరు వేశాక ఒక అసింక్ ఈవెంట్‌ను (ఇది కెర్నల్ కబురు కాదు, టాస్క్‌ను లేపే జెండా) సెట్ చేసి, నిద్రపోతున్న పంపిణీ టాస్క్‌ను లేపండి.

కాల్‌బ్యాక్‌లో పిడిఎఫ్ తెరవడం, డేటాబేస్ రాయడం వంటివి పెట్టకండి. అక్కడ పోయే ప్రతి సెకనూ లూప్ మొత్తానికి పోయినట్టే. అనుమానం ఉంటే అసింక్‌ఐఓ డీబగ్ మోడ్ పెట్టి నడపండి, 100 మిల్లీసెకన్లు దాటిన ప్రతి కాల్‌బ్యాక్‌నూ అది లాగ్‌లో చూపిస్తుంది.

ముందు కాపలా, తర్వాత జాబితా

ప్రోగ్రాం మొదలయ్యేసరికే ఫోల్డర్‌లో ఫైళ్లుండొచ్చు. రాత్రి కరెంటు పోయి పొద్దుగాల వచ్చింది, గుమాస్తా కంప్యూటర్ కన్నా ముందే స్కానర్ పని పట్టాడు అనుకోండి. కాపలా పెట్టకముందు వచ్చినవాటికి ఈవెంట్ ఉండదు. కాబట్టి స్కాన్‌డిర్‌తో జాబితా తీయాలి. చాలామంది జాబితా తీసి, ఆ తర్వాత కాపలా పెడతారు. ఆ రెండింటి నడుమ, కొన్ని మిల్లీసెకన్లే కావచ్చు, పడిన ఫైలు జాబితాలోనూ లేదు, ఈవెంట్లలోనూ లేదు. అది ‘వచ్చినవి’లో అలాగే పడి ఉంటుంది. కాపలా ముందు పెట్టి జాబితా తర్వాత తీస్తే ఆ నడుమ పడినది రెండింట్లోనూ కనిపిస్తుంది. రెండుసార్లు కనిపించినా డిక్షనరీ దాన్ని ఒకటే చేస్తుంది.

జాబితాలో దొరికిన పేర్లను వేసేటప్పుడు సెట్‌డిఫాల్ట్ వాడండి, ఇప్పటికే ఉన్న సమయాన్ని చెరపకూడదు.

ఫైలు నిలకడైందా

క్లోజ్ రైట్ వచ్చిందంటే రాసినవాడు మూశాడని అర్థం. రాయడం పూర్తయిందని కాదు. ఎఫ్‌టీపీలో పంపుతుండగా నెట్ తెగితే సర్వర్ సగం ఫైలును మూసేస్తుంది, ఈవెంట్ మాత్రం అదే వస్తుంది. కొన్ని స్కానర్లు ఒక పేజీ రాసి మూసి, మళ్లీ తెరిచి రెండో పేజీ చేరుస్తాయి. కాబట్టి పంపిణీ టాస్క్ ఇలా నడవాలి. పట్టిక ఖాళీ అయితే ఆ అసింక్ ఈవెంట్ కోసం ఆగుతుంది. ఖాళీ కాకపోతే అర సెకనుకోసారి చూసి, చివరి కబురు వచ్చి 2 సెకన్లు దాటిన పేర్లను ఎంచుకుంటుంది. ఎంచుకున్నదాని సైజు, మార్పు సమయం అప్పుడొకసారి, ఇంకో సెకను తర్వాత ఒకసారి చూస్తుంది. రెండూ మారకపోతే తోక, అంటే ఫైలు చివరి బైట్లు, చూస్తుంది.

పిడిఎఫ్‌కు తోక చూడటం తేలిక. చివరి 1024 బైట్లలో రెండు శాతం గుర్తులు, వాటి వెంట ఈఓఎఫ్ అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు ఉండాలి. లేకపోతే ఫైలు ఇంకా రాలేదు. పట్టికలోనే ఉంచి 10 సెకన్లకోసారి మళ్లీ చూడండి. 10 నిమిషాలు దాటినా రాకపోతే ‘చెడినవి’కి పంపి, గుమాస్తాకు తెలిసేలా లాగ్‌లో రాయండి. తోక గుర్తు లేని ఫైలు రకాలకు ఇంకో ఉపాయం ఉంది. పంపేవాళ్లు మీ చేతిలో ఉంటే తాత్కాలిక పేరుతో రాసి చివర రీనేమ్ చేయమనండి. అన్నిటికన్నా నమ్మకమైనది ఇదే. 2 సెకన్ల నిరీక్షణ ఊహ మాత్రమే, రీనేమ్ హామీ.

చుక్కతో మొదలయ్యే పేర్లనూ, పార్ట్, టీఎంపీ తోకలున్నవాటినీ అసలు పట్టికలో వేయకండి.

పని అప్పగించడం

నిలకడైన ఫైలును ముందుగా ‘పనిలో’ ఫోల్డర్‌కు రీనేమ్ చేయండి. అదే దాన్ని సొంతం చేసుకోవడం. ఫైలు లేదన్న ఎర్రర్ వస్తే ఇంకెవరో తీసుకున్నారు లేదా చెరిపేశారు, వదిలేయండి, అది తప్పు కాదు. మరొకరు ఇంకా రాస్తుండగా రీనేమ్ చేస్తే వాళ్ల రాత ఆగదు, పేరు మారిన ఫైలులోకే పోతుంటుంది. పైన నిలకడ పరీక్ష అంత గట్టిగా పెట్టింది ఇందుకే.

రీనేమ్‌కు ఇంకో ప్రమాదం ఉంది. చేరే చోట అదే పేరుతో ఫైలుంటే లైనక్స్ చప్పుడు చేయకుండా దాని మీద రాసేస్తుంది. స్కానర్‌ను ఆపి మళ్లీ వేస్తే నంబర్లు 0001 నుంచి మొదలవడం మామూలే. అలాంటప్పుడు నిన్నటి తక్‌పట్టీ మీద ఇవాళ్టిది కూర్చుంటుంది. తీసుకునేటప్పుడే పేరు ముందు తేదీ, సమయం మైక్రోసెకన్ల దాకా చేర్చండి.

తర్వాత అసలు పని: ఫైలు ఎస్‌హెచ్‌ఏ-256 ముద్ర (బైట్ల నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్య) తీయడం, ఎస్‌క్యూఎల్‌లైట్ పట్టికలో ఎక్కించడం, ‘అయిపోయినవి’కి పంపడం. ఇవి లూప్‌ను ఆపేసే పనులు కాబట్టి అసింక్‌ఐఓ టు థ్రెడ్‌తో బయటి థ్రెడ్‌లో చేయించండి. టు థ్రెడ్ వెనుక ఉన్న గుంపులో గరిష్ఠంగా 32 థ్రెడ్లు, లేదా కోర్ల సంఖ్యకు 4 కలిపినన్ని, ఏది తక్కువైతే అది. అన్నీ ఒకేసారి డిస్కు మీద పడకుండా ఒకేసారి నడిచే పనుల సంఖ్యకు హద్దు పెట్టే సెమాఫోర్‌తో 3కు కట్టడి చేయండి. టాస్కులను క్రియేట్ టాస్క్‌తో పుట్టించి వదిలేయకండి. లూప్ వాటిని బలహీనంగానే పట్టుకుంటుంది, చెత్త ఏరివేతలో నడుమనే మాయం కావచ్చు. టాస్క్ గ్రూప్‌లో పుట్టించండి. కానీ అందులో ఒక టాస్క్ ఎర్రర్‌తో పడిపోతే మిగతావన్నీ రద్దవుతాయి. కాబట్టి ప్రతి ఫైలు పనినీ దాని సొంత ట్రై, ఎక్సెప్ట్‌లో చుట్టి, విఫలమైనదాన్ని ‘చెడినవి’కి పంపాలి. ఒక పాడైన పిడిఎఫ్ వల్ల ఆ రోజు లావాదేవీలన్నీ ఆగకూడదు.

క్రమం మార్చకండి: ముందు డేటాబేస్‌లో కమిట్, తర్వాత రీనేమ్. ముద్ర గడికి యూనిక్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదనే) నిబంధన పెట్టండి. కమిట్ అయ్యి రీనేమ్ కాకముందు కరెంటు పోయిందనుకోండి. మళ్లీ లేచినప్పుడు ‘పనిలో’ ఉన్నవన్నీ ‘వచ్చినవి’కి తిరిగి పంపుతారు. అదే ఫైలు మళ్లీ వస్తుంది, దాని ముద్ర ఇప్పటికే ఉంది కాబట్టి లెక్క రెండోసారి పడదు, ఫైలు మాత్రం సరైన చోటికి చేరుతుంది. క్రమం తిప్పి రాస్తే ‘అయిపోయినవి’లో ఫైలుంటుంది, లెక్కలో మాత్రం ఉండదు. దాన్ని తర్వాత ఎవరూ కనిపెట్టలేరు.

ఈ తిరిగి పంపడం వల్ల ఒక జాగ్రత్త అవసరం. ప్రోగ్రాం రెండు కాపీలు నడిస్తే రెండోది మొదటిదాని పనిలో ఉన్న ఫైళ్లను లాక్కుంటుంది. మొదలవగానే ఒక తాళం ఫైలును తెరిచి ఎఫ్‌లాక్ వేయండి, దొరక్కపోతే వెంటనే ఆగిపోండి. ప్రాసెస్ ఎలా చచ్చినా ఈ తాళం కెర్నలే విప్పుతుంది.

కబుర్లు పొంగిపోతే

కెర్నల్ ఒక్కో ఐనోటిఫై డిస్క్రిప్టర్‌కు మామూలుగా 16,384 ఈవెంట్లే దాచి ఉంచుతుంది. మీరు చదవడం ఆలస్యమై అవి నిండితే కొత్తవి పారేసి, కాపలా నంబరు మైనస్ 1తో, మాస్క్‌లో 16384 ఉన్న ఒక ఈవెంట్ పెడుతుంది. ఆ తర్వాత ఏవి పోయాయో ఎవరికీ తెలియదు. కాల్‌బ్యాక్‌లో ఇది కనిపించగానే మొదట చేసినట్టే ఫోల్డర్ జాబితా మళ్లీ తీయండి. పరిమితిని పెంచుకోవడం కన్నా ఇది ముఖ్యం, ఎంత పెంచినా ఒకరోజు నిండవచ్చు.

దీనితో పాటు 5 నిమిషాలకోసారి జాబితా తీసే చిన్న టాస్క్ ఒకటి ఎప్పుడూ నడవనివ్వండి. కాపలా ఉండగా ఇదెందుకని అడగొచ్చు. సరిగ్గా నడిచే రోజున అది ఏమీ కనిపెట్టదు, ఖర్చూ ఉండదు. అది ఏదైనా కనిపెట్టిందంటే లాగ్‌లో హెచ్చరికగా రాయండి. మీ ప్రోగ్రాంలో ఎక్కడో తప్పుందని దానివల్లే తెలుస్తుంది.

మాస్క్‌లో 32768 వస్తే కాపలా రద్దయింది, ఫోల్డర్ చెరిగిపోయింది లేదా డిస్కు ఊడింది. 8192 కూడా వస్తే డిస్కు ఊడినట్టే. ఫోల్డర్ పేరు మారితే చిక్కు వేరే ఉంది: కాపలా కొత్త పేరుతో కొనసాగుతుంది, మీ ప్రోగ్రాం మాత్రం పాత దారిలోనే వెతుకుతుంది. ఈ మూడింట్లో ఏది జరిగినా ఎర్రర్‌తో ఆగిపోయి, సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను నడిపే ప్రోగ్రాం) మళ్లీ లేపేలా పెట్టుకోవడమే మంచిది.

లోపలి ఫోల్డర్లు

ఐనోటిఫై కాపలా ఒక అంతస్తుకే. తేదీకో ఫోల్డర్ పుట్టే అమరిక ఉంటే క్రియేట్ 256ను కూడా మాస్క్‌లో చేర్చాలి. ఫోల్డర్ అని చెప్పే పెద్ద బిట్ కనిపించగానే దానికీ కాపలా పెట్టి, వెంటనే దాని జాబితా తీయాలి. కాపలా పడేలోపే అందులో ఫైళ్లు పడి ఉంటాయి. కాపలాల సంఖ్యకు పరిమితి ఉంది. పాత కెర్నళ్లలో మామూలుగా 8,192, 5.11 నుంచి మెమరీని బట్టి పెరుగుతుంది. దాటితే వచ్చే ఎర్రర్ 28వది, డిస్కులో చోటు లేదంటుంది. డిస్కులో చోటు బోలెడుంటుంది, దాన్ని ఖాళీ చేసుకుంటూ కూర్చోకండి. /ప్రోక్/సిస్/ఎఫ్ఎస్/ఐనోటిఫై లోపల మ్యాక్స్ యూజర్ వాచెస్ చూడండి. ఎర్రర్ 24 వస్తే డిస్క్రిప్టర్లు అయిపోయాయి. ఒక్కో యూజర్‌కు ఐనోటిఫై డిస్క్రిప్టర్లు మామూలుగా 128. ఫోల్డర్‌కో డిస్క్రిప్టర్ తెరిచేవాళ్లకే ఇది వస్తుంది. ఒక్కటే తెరిచి అన్ని కాపలాలూ దానికే కట్టాలి.

నెట్‌వర్క్ డిస్కు మీద పనిచేయదు

ఫోల్డర్ హన్మకొండ ఆఫీసు సర్వర్‌లో ఉంది, మీ ప్రోగ్రాం ఎనుమాముల కంప్యూటర్‌లో దాన్ని ఎన్ఎఫ్ఎస్‌తోనో సాంబాతోనో తగిలించుకుంది అనుకోండి. అవతలివాళ్లు వేసే ఫైళ్లకు ఇక్కడ ఈవెంట్ రాదు. ఎర్రర్ కూడా రాదు, అందుకే ఇది రోజులు తినేస్తుంది. ఇక్కడి నుంచి మీరే ఫైలు వేసి పరీక్షిస్తే మాత్రం పనిచేసినట్టే కనిపిస్తుంది. డిస్కు ఏ యంత్రంలో ఉందో ప్రోగ్రాం ఆ యంత్రంలోనే నడవాలి. స్కానర్ సాంబా ద్వారా లైనక్స్ కంప్యూటర్‌లోకి రాస్తే చిక్కు లేదు, అక్కడ సాంబా సర్వర్ లోకల్ డిస్కు మీదే రాస్తుంది కాబట్టి ఈవెంట్లు వస్తాయి. తప్పనిసరిగా దూరం నుంచే చూడాలంటే కాపలా వదిలేసి, టు థ్రెడ్‌లో 10 సెకన్లకోసారి స్కాన్‌డిర్ నడపండి. మిగతా అమరికంతా అలాగే ఉంటుంది. ఫోల్డర్‌నే నిజంగా నమ్ముకున్నాం కాబట్టి మారేది కబురు వచ్చే దారి ఒక్కటే.

విండోస్‌లో యాడ్ రీడర్ మామూలు లూప్‌లో లేదు. అక్కడికి వాచ్‌ఫైల్స్ లైబ్రరీ వాడండి. దాని ఎవాచ్‌ను అసింక్ ఫర్‌తో తిప్పితే మార్పుల గుంపులు వస్తాయి, అవి 1,600 మిల్లీసెకన్ల దాకా కూడబెట్టి ఇస్తుంది. వాచ్‌డాగ్ అనే ఇంకో లైబ్రరీ వాడితే మాత్రం దాని ఈవెంట్లు వేరే థ్రెడ్‌లో వస్తాయని మరవకండి, కాల్ సూన్ థ్రెడ్‌సేఫ్ ద్వారానే లూప్‌లోకి తేవాలి. నేరుగా పట్టికలో వేసి అసింక్ ఈవెంట్ సెట్ చేస్తే లూప్ కొన్నిసార్లు లేవదు.

ఆపడం, పరీక్షించడం

యాడ్ సిగ్నల్ హ్యాండ్లర్‌తో ఆగమని చెప్పే సిగ్‌టర్మ్ సిగ్నల్‌ను పట్టుకోండి. వచ్చినప్పుడు ముందు రిమూవ్ రీడర్, తర్వాత డిస్క్రిప్టర్ క్లోజ్. తిప్పి చేస్తే అదే నంబరు వేరే ఫైలుకు దక్కి, లూప్ దాన్ని మీ కాల్‌బ్యాక్‌కు అంటగడుతుంది. పనిలో ఉన్న ఫైళ్లు పూర్తయ్యేదాకా ఆగండి. సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు ఓపిక పడుతుంది. సర్వీస్ ఫైలులో రీస్టార్ట్‌కు ఆన్ ఫెయిల్యూర్ పెట్టండి.

దుకాణంలో పెట్టేముందు నాలుగు పరీక్షలు చేయాలి. మొదటిది, ఒక పిడిఎఫ్‌ను రెండు ముక్కలు చేసి, ‘వచ్చినవి’లోని ఒకే ఫైలులోకి మొదటి ముక్క రాసి, 30 సెకన్ల తర్వాత రెండోది చేర్చండి. ఫైలు ఒక్కసారే, పూర్తిగా చేరాలి. రెండోది, ఒకే పేరుతో వేర్వేరు ఫైళ్లు వరుసగా మూడు వేయండి, ఒకటి లెక్కకెక్కాక ఇంకోటి. మూడూ దొరకాలి. మూడోది, పని నడుస్తుండగా కిల్ మైనస్ 9 కొట్టి మళ్లీ లేపండి. ‘పనిలో’ ఖాళీ కావాలి, డేటాబేస్‌లో ఏదీ రెండుసార్లు ఉండకూడదు.

నాలుగోది పొంగు పరీక్ష. తోక గడువును ఈ పరీక్షకు 10 నిమిషాల నుంచి 10 సెకన్లకు తగ్గించండి. ప్రోగ్రాంకు కిల్ మైనస్ స్టాప్ పంపి గడ్డకట్టించండి. ‘వచ్చినవి’లో 20,000 చిన్న ఫైళ్లు పుట్టించండి. ఖాళీవి కాకుండా ఒక్కోదాంట్లో దాని నంబరు రాయండి, లేకపోతే అన్నిటి ముద్రా ఒకటే అవుతుంది. తర్వాత కిల్ మైనస్ కాంట్ పంపండి. 16,384 దాటినవి కాబట్టి లాగ్‌లో పొంగు ఈవెంట్ కనబడాలి, దాని వెంటే జాబితా తీసిన వరుస ఉండాలి. పిడిఎఫ్ తోక లేదు కాబట్టి ఫైళ్లు ‘చెడినవి’లో చేరతాయి. అన్నీ అయ్యాక ఆ ఫోల్డర్‌లో లెక్కపెట్టండి. సరిగ్గా 20,000 ఉండాలి. 16,384 దగ్గర ఆగి, మిగతావి 5 నిమిషాల జాబితా తర్వాతే కదిలాయంటే కాల్‌బ్యాక్‌లో మైనస్ 1 నంబరును తెలియని కాపలాగా వదిలేస్తున్నారు, అక్కడే చూడండి.